ఎర్త్ తీగకు చుట్టిన టేపు: ఒక లాడ్జి ఫైర్ అలారం మరమ్మతు డైరీ

మొదటి రోజు

తిరుపతి రైల్వే స్టేషను నుండి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న లాడ్జి ఇది. సెల్లార్, గ్రౌండ్ ఫ్లోర్, పైన మూడు అంతస్తులు. ఇక్కడి ఫైర్ అలారం నిర్వహణ ఈ నెల నుండి నా చేతికి వచ్చింది. ఎనిమిది జోన్ల, అంటే భవనంలో విడివిడిగా కాపలా కాసే ఎనిమిది భాగాల, సాధారణ ప్యానెల్. ఆరు జోన్లు వాడుకలో ఉన్నాయి: సెల్లార్ 1, గ్రౌండ్ 2, మూడు అంతస్తులకు 3, 4, 5, పైకప్పు మీది లిఫ్ట్ యంత్రాల గదికి 6. హూటర్ లైన్లు రెండు. మొదటిది కింది అంతస్తులకు, రెండవది పై రెండు అంతస్తులకూ మేడ మెట్ల దగ్గరకూ. లోపల 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉన్నాయి.

ప్యానెల్ ముఖం మీద పచ్చ దీపం ఒక్కటే వెలుగుతోంది. తప్పు చూపే పసుపు దీపాలు ఏవీ లేవు. పాత రిజిస్టర్‌లో ప్రతి నెలా ఒకే మాట: అంతా బాగుంది. కానీ కొత్తగా తీసుకునే ఏ వ్యవస్థనైనా మోగించి చూడనిదే నేను సంతకం పెట్టను. రిసెప్షన్ పక్కనున్న కాల్ పాయింట్ (చేత్తో నొక్కి అలారం మోగించే బటన్) నొక్కాను. గ్రౌండ్ ఫ్లోర్ హూటర్ చెవులు చిల్లులు పడేలా మోగింది. మేనేజర్ గారు తృప్తిగా తల ఊపారు.

నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడిని అప్పటికే మూడవ అంతస్తులో నిలబెట్టాను. చంద్రగిరి అబ్బాయి, ఐటీఐ చదివాడు. ఫోను చేశాడు. “ఇక్కడ ఒక్క క్షణం కూసి ఆగిపోయింది అన్నా.”

ప్యానెల్ తెరిచి చూస్తే రెండవ హూటర్ లైను ఫ్యూజు పోయింది. లైను విప్పి రెండు తీగల మధ్య మీటరు పెట్టాను. చివర ఉండే 10 కిలో ఓముల రెసిస్టర్ విలువ సరిగ్గా వచ్చింది. అంటే షార్ట్ లేదు. కొత్త ఫ్యూజు వేసి మళ్లీ నొక్కాను. మళ్లీ పోయింది. షార్ట్ లేని లైనులో ఫ్యూజు రెండుసార్లు ఎందుకు పోతుంది?

ఆ ఆలోచనతోనే టార్చి వేసి ప్యానెల్ లోపలి సర్క్యూట్ కార్డు అంతా వెతుకుతుంటే, మూలనున్న ఎర్త్ టెర్మినల్ ఖాళీగా కనిపించింది. దానికి ఉండవలసిన ఆకుపచ్చ, పసుపు చారల తీగ వెనక్కి మడిచి ఉంది. కొసకు నల్ల టేపు శుభ్రంగా మూడు చుట్లు చుట్టి ఉంది. ఊడిపోయిన తీగకు ఎవరూ అలా టేపు చుట్టరు. ఎవరో ఎర్త్ ఫాల్ట్ దీపం (ఏదో తీగ ఎర్త్‌ను తాకుతోందని చెప్పేది) వెలుగుతుంటే, లోపం వెతికే ఓపిక లేక, లోపాన్ని చూసే కన్ను మూసేశారు. 230 వోల్టుల సరఫరాకు సంబంధించిన ఎర్త్ తీగ దాని చోట అది ఉంది. తీసేసింది కార్డు తనను తాను పరీక్షించుకోవడానికి వాడే తీగను.

టేపు విప్పి తీగ బిగించాను. కొద్ది సెకన్లలో పసుపు దీపం వెలిగి బజరు మోగింది. మేనేజర్ గారు కంగారుగా వచ్చారు. “ఇంతకాలం పచ్చ లైటే ఉండేది కదండీ, మీరు ముట్టుకోగానే చెడిపోయిందా?” ఆయన తప్పు లేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ టేపు ముక్క మాత్రం జేబులో పెట్టుకున్నాను. నాకు చాలా కోపంగా ఉంది.

రెండవ రోజు

ముందుగా ఒక ఏర్పాటు. ప్యానెల్ ఆపి ఉంచినంత సేపూ ఆ భవనానికి కాపలా లేనట్టే. దర్శనం చేసుకుని ఏ తెల్లవారుజామునో కొండ దిగి వచ్చిన యాత్రికులు ఇక్కడ పగలంతా ఒళ్లు మరిచి నిద్రపోతారు. అందుకని వాచ్‌మన్ అరగంటకోసారి అన్ని అంతస్తులూ తిరిగి రిజిస్టర్‌లో సమయం రాయాలని మేనేజర్ గారితో ఒప్పందం చేసుకున్నాను. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలో నోటీసు అంటించాం.

ప్యానెల్ ఆపకముందే చేయవలసిన కొలత ఒకటుంది. బ్యాటరీ రెండు కొసల మధ్య 27.2 వోల్టులు. పాజిటివ్‌కూ ఎర్త్‌కూ మధ్య 27.1. నెగెటివ్‌కూ ఎర్త్‌కూ మధ్య 0.1. ఈ మూడు అంకెలు చాలు, లోపం ఏ వైపు ఉందో చెప్పేస్తాయి. ఫైర్ ప్యానెల్‌లోని 24 వోల్టుల వ్యవస్థ భూమికి అంటకుండా విడిగా ఉండాలి. ఈ రకం ప్యానెల్‌లో అంతా బాగుంటే ఎర్త్ రెండు కొసలకూ మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. ఇక్కడ పూర్తిగా నెగెటివ్ వైపుకు వాలిపోయింది. అంటే నెగెటివ్‌లో ఉన్న తీగ ఏదో గట్టిగా ఎర్త్‌ను తాకుతోంది.

తర్వాత సరఫరా, బ్యాటరీ రెండూ తీసేశాం. ఒక్కొక్క జోన్ విప్పి చూడమని కుర్రాడికి చెప్పాను. వాడు ప్రతి జోన్‌లోనూ ఎర్ర తీగ మాత్రమే విప్పి, నల్ల తీగ అలాగే ఉంచి కొలుస్తున్నాడు. ఆరు జోన్లలోనూ లోపం ఉన్నట్టే చూపించింది. “అన్నీ పోయాయన్నా” అన్నాడు దిగులుగా.

ఈ పొరపాటు అనుభవం ఉన్నవాళ్లు కూడా చేస్తారు. ఇలాంటి ప్యానెళ్లలో జోన్ల నెగెటివ్‌లన్నీ కార్డు మీద ఒకే రాగి బాటకు కలిసి ఉంటాయి. ఒక్క జోన్ నల్ల తీగ ఎర్త్‌ను తాకితే, కనెక్టర్‌లో ఉన్న ప్రతి నల్ల తీగా తాకినట్టే కనిపిస్తుంది. రెండు తీగలూ పూర్తిగా విప్పాలి. ఏ జోన్ తీగలు ఏవో చిట్టీ కట్టి మరీ విప్పాలి. అలా విప్పి మళ్లీ కొలిచాం.

జోన్ 4: నల్ల తీగ నుండి ఎర్త్‌కు 2.8 ఓములు, ఎర్ర తీగ నుండి 4.7 కిలో ఓములు. ఆ 4.7 కిలో ఓములు లోపం కాదు. ఈ జోన్ లైను చివర ఉన్న రెసిస్టర్ విలువ అది; దాని గుండా తిరిగి వచ్చి, నల్ల తీగ మీది లోపాన్నే చూస్తున్నాం. రెండింటిలో ఏది తక్కువ చూపితే లోపం ఆ తీగదే.

మిగతా జోన్లు శుభ్రం. జోన్ 6 దగ్గర మీటరు ఒక క్షణం తడబడి తర్వాత ఓఎల్ అని చూపింది, అంటే కొలవలేనంత ఎక్కువ. తడి చేయి తగిలి ఉంటుందనుకుని ముందుకు వెళ్లాను. ఆ తడబాటును వదిలేసి ఉండకూడదు, తర్వాత తెలిసింది.

చివరగా హూటర్ లైన్లు. మొదటిది శుభ్రం. రెండవది: ఎర్ర తీగ నుండి ఎర్త్‌కు 3.4 ఓములు!

ఒకటి కాదు, రెండు లోపాలు. కానీ హూటర్‌ది ఎర్ర తీగ, అంటే పాజిటివ్. ప్యానెల్ నడుస్తున్నప్పుడు ఒకటి నెగెటివ్, ఇంకొకటి పాజిటివ్ ఎర్త్‌ను తాకుతుంటే ఇన్నాళ్లూ షార్ట్ కాకుండా ఎలా ఉంది?

రాత్రి లీలామహల్ కూడలి దగ్గర టీ తాగుతూ చిట్టీ వెనక బొమ్మ గీశాను. అప్పుడు వెలిగింది. మామూలు సమయంలో ప్యానెల్ హూటర్ లైనుకు ధ్రువాలు తిప్పి చిన్న కరెంటు పంపుతుంది. హూటర్‌లోని డయోడ్ ఆ దిశలో కరెంటును పోనివ్వదు కాబట్టి హూటర్ మోగదు, కరెంటు చివరి రెసిస్టర్ గుండా తిరిగి వస్తుంది, తీగ తెగలేదని ప్యానెల్‌కు తెలుస్తుంది. అంటే మామూలుగా ఉన్నప్పుడు ఎర్ర తీగే నెగెటివ్. రెండు లోపాలూ నెగెటివ్ వైపే ఉండి ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. అలారం వచ్చిన క్షణంలో ధ్రువాలు మారతాయి. ఎర్ర తీగ 24 వోల్టుల పాజిటివ్ అవుతుంది. ఆ పాజిటివ్ ఎర్త్ గుండా వెళ్లి జోన్ 4 నల్ల తీగను పట్టుకుంటుంది. రెండు లోపాలూ కలిపి ఆరు ఓములు, కరెంటు దాదాపు నాలుగు ఆంపియర్లు. ఒక ఆంపియర్ ఫ్యూజు నిలబడదు.

కాబట్టి ఈ లాడ్జిలో ఎప్పుడు పొగ వచ్చినా, ఏ జోన్‌లో వచ్చినా, కింది అంతస్తుల్లో హూటర్లు మోగేవి, రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు మేల్కొనేవారు. పై రెండు అంతస్తుల్లో నిద్రపోతున్న వాళ్లకు ఒక్క క్షణం కూత, ఆ తర్వాత నిశ్శబ్దం. కార్డు నుండి ఎర్త్ తీగ తీసేయడం దీన్ని ఆపలేదు, ఎందుకంటే షార్ట్ దారి కార్డు గుండా పోవడం లేదు. కేబుల్ మీది ఇనుప తొడుగు, భవనపు ఎర్త్ గుండా పోతోంది. టేపు ఆపినది హెచ్చరికను మాత్రమే.

మూడవ రోజు

జోన్ 4, రెండవ అంతస్తు. పొగను పసిగట్టే డిటెక్టర్లు 18. వరసగా ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోతే రోజంతా పడుతుంది, గదుల్లో జనం ఉన్నారు. సగానికి సగం కోసుకుంటూ వెళ్లడమే పద్ధతి. కుర్రాడు కింద ప్యానెల్ దగ్గర మీటరు పట్టుకుని ఫోనులో అంకె చెబుతాడు, నేను పైన విప్పుతాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. డిటెక్టర్ తల తిప్పి తీసేస్తే లైను తెగిపోతుంది కదా అనుకోవచ్చు. సీలింగ్‌కు బిగించి ఉండే దాని బేస్‌లో ఆ పని వల్ల విడిపోయేది సాధారణంగా ఒక్క తీగే, రెండవది నేరుగా ముందుకు పోతూనే ఉంటుంది. లోపం ఆ రెండవ తీగలో ఉంటే మన లెక్క తప్పుతుంది. బేస్ నుండి ముందుకు వెళ్లే రెండు తీగలనూ స్క్రూ విప్పి తీయాలి.

తొమ్మిదవ బేస్ దగ్గర విప్పాను. “ఇంకా 2.8 అన్నా.” అంటే లోపం మొదటి సగంలో. అయిదవ దాని దగ్గర విప్పితే ఓఎల్. ఏడవ దాని దగ్గర మళ్లీ 2.8. ఆరవది ఒక గదిలో ఉంది. సేలం నుండి వచ్చిన కుటుంబం, గుండు చేయించుకున్న చిన్నపిల్లవాడితో సహా అందరూ నిద్రలో ఉన్నారు. లేపబుద్ధి కాలేదు. మధ్యాహ్నం వాళ్లు గది ఖాళీ చేసే దాకా ఆగాం. ఆరవ దాని దగ్గర విప్పితే ఓఎల్. నాలుగుసార్లు విప్పితే లోపం ఆరుకూ ఏడుకూ మధ్య దొరికింది.

ఆ రెంటి మధ్య వరండా ఫాల్స్ సీలింగ్ పైన ఒక జంక్షన్ బాక్స్ ఉంది. పలక పక్కకు జరిపి చూస్తే, ఏసీ గొట్టాలు వేసినవాళ్లు కేబుల్‌ను పక్కకు లాగి గొట్టానికి కట్టేశారు. ఆ లాగుడుకు గ్లాండ్ (కేబుల్‌ను బాక్స్‌కు పట్టి ఉంచే బిగింపు) దగ్గర కేబుల్ వంగింది. గ్లాండ్ బిగించినవాడు మొదటే తొందరపడ్డాడు: ఇనుప తొడుగు తీగల్ని గ్లాండ్ లోపలి కోన్ మీద సమంగా పరచకుండా కోసి వదిలేశాడు. ఒక ఇనుప తీగ మొన లోపలి నల్ల తీగ తొడుగులో సూదిలా దిగి రాగిని తాకుతోంది.

కొత్త గ్లాండ్ వేశాం. కేబుల్‌ను రెండంగుళాలు వెనక్కి కోసి, ఇనుప తీగలు ఒక్కొక్కటీ విడదీసి కోన్ మీద పరిచి, లోపలి తొడుగు గ్లాండ్ దాటి బయటకు వచ్చే వరకు ఉంచి, అప్పుడు బిగించాం. కుర్రాడి చేతనే చేయించాను. ఇరవై నిమిషాలు పట్టింది. మొదటివాడు ఆ ఇరవై నిమిషాలు పెట్టి ఉంటే సరిపోయేది.

సాయంత్రం ప్యానెల్ ఆన్ చేసి, హూటర్ లోపం అలాగే ఉంచి, నా బొమ్మ నిజమో కాదో పరీక్షించాను. నెగెటివ్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెట్టి కాల్ పాయింట్ నొక్కమన్నాను. అంకె 0.1 నుండి ఒక్క గెంతులో 26 దాటింది. ఎర్త్ ఆ కొస నుండి ఈ కొసకు దూకింది. జోన్ 4 ఇప్పుడు శుభ్రంగా ఉంది కాబట్టి ఫ్యూజు పోలేదు. మూడవ అంతస్తులో హూటర్ ఆగకుండా మోగింది. మేనేజర్ గారికి ఆ అంకె గెంతడం చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాలుగవ రోజు

హూటర్ లైను త్వరగానే దొరికింది. రెండవ, మూడవ అంతస్తుల హూటర్ల మధ్య, మెట్ల మలుపులో కొత్తగా బిగించిన ‘బయటికి దారి’ దీపపు బోర్డు ఉంది. దాని ఇనుప చట్రానికి 230 వోల్టుల సరఫరాతో వచ్చిన ఎర్త్ ఉంది. చట్రం పట్టిన పొడవాటి స్క్రూ గోడలోని పీవీసీ గొట్టంలోకి దిగి ఎర్ర తీగను గుచ్చుకుంది. ఆ ముక్క తీగ మార్చాం, బోర్డును అరచేయి దూరం పక్కకు జరిపాం. బోర్డు వేసిన ఎలక్ట్రీషియన్‌కు లోపల ఏముందో తెలిసే అవకాశం లేదు. ఈ భవనానికి వైరింగ్ బొమ్మ అనేదే లేదు. అది నేను గీయాలి.

అన్నీ కలిపి ఆన్ చేశాక: పాజిటివ్ నుండి ఎర్త్‌కు 13.9, నెగెటివ్ నుండి 13.3. పసుపు దీపం ఆరింది. వాన వస్తే ఒక కన్నేసి ఉంచమని మేనేజర్ గారికి చెప్పి వచ్చాను.

తొమ్మిదవ రోజు

తెల్లవారుజామున ఫోను. “మళ్లీ పసుపు లైటు వచ్చిందండీ. బజరు మోగుతోంది. నేను ఆపలేదు, మీరు వచ్చి చూసేదాకా ఉంచాను.” ఆ చివరి మాటకు నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను.

రాత్రంతా వాన. మన వైపు అసలు వానలు అక్టోబరు నుండి డిసెంబరు మధ్యే, ఈశాన్య రుతుపవనాలవి. 2021 నవంబరులో ఊరి వీధులు ఏరులైన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. నేను వెళ్లేసరికి ఇంకా జల్లు పడుతోంది. విప్పి కొలిస్తే జోన్ 6 నల్ల తీగ నుండి ఎర్త్‌కు 38 కిలో ఓములు. రెండవ రోజు తడబడి నేను వదిలేసిన జోన్ అదే. పైన వెతుకుతుండగానే ఎండ వచ్చింది. పదకొండు గంటలకల్లా దీపం దానంతట అదే ఆరిపోయింది, మీటరు ఓఎల్ అంటోంది.

ఇలాంటి లోపాన్ని ఎక్కువ మంది ఇక్కడే వదిలేస్తారు. దీపం ఆరిందంటే బాగైందనుకుంటారు. తడి ఆరింది, లోపం ఆరలేదు.

పదవ రోజు

మెగ్గర్ తెచ్చాను, తీగల ఇన్సులేషన్‌ను ఎక్కువ వోల్టేజీతో పరీక్షించే మీటరు. మల్టీమీటర్ కొలిచే వోల్టేజీ చాలా చిన్నది, దాదాపు ఆరిపోయిన సన్నని పొరలోని లోపం దానికి దొరక్కపోవచ్చు. నా మెగ్గర్ 250 వోల్టులతో కొలుస్తుంది. కానీ ఆ 250 వోల్టులు డిటెక్టర్‌లోకి గాని, ప్యానెల్‌లోకి గాని వెళితే అవి కాలిపోతాయి. అందుకే జోన్ 6 డిటెక్టర్లు తీసేసి, చివరి రెసిస్టర్ విప్పి, ప్యానెల్ వైపు రెండు తీగలూ విడదీసి, ఆ రెండింటినీ ఒకటిగా కలిపి ఎర్త్‌కు కొలిచాను: 0.4 మెగా ఓములు. పొడి ఎండలో, మల్టీమీటర్ శుభ్రమన్న లైనులో. కొలిచాక తీగల్లో నిలిచిన చార్జిని ఎర్త్‌కు తాకించి తీసేసిన తర్వాతే కుర్రాడిని ముట్టుకోనిచ్చాను.

మేడ మీద లైను పొడవు తక్కువ, వెతకడానికి పెద్దగా ఏమీ లేదు. లిఫ్ట్ గది గోడకు బయట ఇనుప జంక్షన్ బాక్స్ ఉంది, కేబుల్ దాని పై కప్పు నుండి లోపలికి దిగుతోంది. వాన నీరు కేబుల్ వెంబడి జారి నేరుగా కనెక్టర్ మీద పడుతోంది. మూత తీస్తే ఇత్తడి స్క్రూల మీద పచ్చటి చిలుము, అడుగున తుప్పు నీటి మరక. కనెక్టర్ నుండి బాక్స్ గోడ దాకా ఆ చిలుము సన్నని దారిలా పాకింది. తడిసినప్పుడల్లా అదే తీగ అవుతోంది.

ప్లాస్టిక్ వెదర్‌ప్రూఫ్ బాక్స్ పెట్టాం. కేబుల్ కింది నుండి లోపలికి పోవాలి, పోయే ముందు ఒక వంపు కిందికి వేలాడాలి, నీరు ఆ వంపు దగ్గరే చుక్కగా రాలిపోతుంది. చిలుము పట్టిన తీగను మెరిసే రాగి కనిపించేదాకా కోసేశాం. మళ్లీ మెగ్గర్ పెడితే 100 మెగా ఓములు దాటింది. తర్వాత రెండు బకెట్ల నీళ్లు తెచ్చి ఆ బాక్స్ మీద, గోడ మీద, కేబుల్ మీద పోశాం. అంకె కదలలేదు.

పదహారవ రోజు

నిన్నటి నుండి తుపాను వాన. కపిలతీర్థంలో జలపాతం హోరు రోడ్డు దాకా వినబడుతోంది. సాయంత్రం తడుస్తూనే లాడ్జికి వెళ్లాను. 13.8, 13.4. పసుపు దీపం లేదు. అన్ని లైన్ల కొలతలూ ఒక కాగితం మీద రాసి, భవనపు వైరింగ్ బొమ్మతో కలిపి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించాను. జోన్ వారీగా ఎర్త్‌కు ఎంత, ఎర్ర నల్ల మధ్య ఎంత, కొలిచిన తేదీ, కొలిచేటప్పుడు వాన ఉందా ఎండ ఉందా. ఆ కాగితం కింద ఎర్ర సిరాతో ఇంకో వాక్యం: “ఎర్త్ టెర్మినల్ నుండి ఈ తీగ విప్పకూడదు.” పక్కనే ఆ పాత నల్ల టేపు ముక్కను అతికించాను, తర్వాత వచ్చేవాళ్లకు తెలియడానికి.

వాచ్‌మన్ ప్రతి అంతస్తులో చెప్పి వచ్చాక చివరి పరీక్ష. కుర్రాడు మూడవ అంతస్తుకు వెళ్లాడు. కాల్ పాయింట్ నొక్కాను. కింది హూటర్ మోతలో ఇంకేమీ వినబడదు కాబట్టి మొదటి లైను ఫ్యూజు తీసి పక్కన పెట్టాను. కుర్రాడి నుండి ఫోను రాలేదు. ఫోను అక్కరలేదు, మెట్ల గుండా పై హూటర్ల మోత ఆగకుండా దిగివస్తోంది. అయిదు నిమిషాలు అలాగే మోగనిచ్చి, ఆపి, మొదటి లైను ఫ్యూజు తిరిగి బిగించి, రిజిస్టర్‌లో సమయం రాశాను.